అప్పజెప్పిన పాఠం

"అది రాయడానికి నీకు చేతులెలా వచ్చాయక్కా?"

తమ్ముడు ఫోన్లో అరుస్తున్నాడు. వాడి వెనక ఎవరో ఇనుము మీద ఇనుము కొడుతున్నారు. పని మధ్యలో పక్కకొచ్చి మాట్లాడుతున్నాడన్నమాట.

"ఏం రాశానని? ఉన్నమాటే రాశాను," అంది పంతులమ్మ.

"అమ్మ వీసా దరఖాస్తులో పిల్లలు లేరని రాశావ్. అమ్మకి పిల్లలు లేరా?"

"లేరు. కన్నదా ఆవిడ మనల్ని?"

 

అనకుండా ఉండాల్సిన మాట అని పంతులమ్మకి అనేశాక తెలిసింది. ఆమెతో ఎప్పుడూ ఇంతే. ముందు నోరు, తరవాత బుద్ధి.

పక్క గదిలో పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెడుతోంది. తలుపు తీసే ఉంది. విన్నదో ఏమో! విన్నా ఎంతసేపు గుర్తుంటుందిలే అనుకుంది పంతులమ్మ. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"నన్ను కన్నావిడ మొహం కూడా నాకు తెలీదు," అన్నాడు తమ్ముడు, ఈసారి గొంతు తగ్గించి. "నాకు తెలిసిన అమ్మ ఒక్కతే. ఆవిడ పేరే రాశాను. నువ్వూ అలాగే రాసుంటే ఈ గొడవే లేకపోను. నీకు ఆవిణ్ణి అమ్మా అని పిలవడానికే ఏనాడూ నోరు రాలేదు, ఇక రాయడానికి చెయ్యేం వస్తుంది!"

"ఒరేయ్ గుండూ, నా మాట విను..."

ఫోన్ పెట్టేశాడు.

పంతులమ్మ అంటారే గానీ ఆమె ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ఆమె ఉద్యోగం. చిన్నప్పుడు తమ్ముణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటినుంచి. ఆ కచ్చతో వాడు పెట్టిన పేరది. ఇల్లంతా అదే పిలిచింది, వీధీ అదే పిలిచింది. వాడి పేరు సంగతి చూడబోతే, పుట్టిన ఏడాదిదాకా నెత్తిన వెంట్రుక మొలవనందుకు గుండు అయ్యాడు. ఇప్పుడు దువ్వెన విరిగేంత జుట్టు ఉన్నా గుండే.

వీళ్ళ తల్లి పోయేనాటికి గుండు పాలు తాగే పసివాడు. పంతులమ్మ అప్పటికే బడికి పోతోంది. తండ్రి అంతకుముందే పోయాడు. పిల్లలు లేని పెద్దమ్మ ఇద్దర్నీ తెచ్చుకుని పెంచింది. పంతులమ్మ బడి పుస్తకాల్లో కన్నతల్లి పేరు ముందే ఎక్కి ఉంది. గుండుని బడిలో వేసే రోజు వచ్చేసరికి గుమాస్తా "తల్లి ఎవరు?" అని అడిగాడు. పెద్దమ్మ "నేనే" అంది. అబద్ధం చెప్పాలని కాదు పాపం. చంకనెక్కిన పిల్లాడు అమ్మా అమ్మా అని మెడ పట్టుకుని వేలాడుతుంటే ఇంకేమంటుంది? ఆ ఒక్క మాట వాడి కాగితాలన్నింటిలోకీ పాకింది. ఇన్నేళ్ళూ దానివల్ల ఎవరికీ ఏ నొప్పీ లేదు.

ఇప్పుడు వచ్చింది. పొద్దున వీసా ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్‌లో, మీ ముగ్గురి దరఖాస్తులూ పొసగడం లేదు, ఇంటర్వ్యూకి రండి అని ఉంది. పెద్దమ్మా పంతులమ్మా ఇక్కడ, గుండు తానున్న దేశంలో.

* * *

టైపు బాబాయ్ మెట్లెక్కి వచ్చేసరికే ఆయాసపడుతున్నాడు. ఒకప్పుడు కోర్టు బయట టైపు మిషన్ పెట్టుకుని బతికినాయన. ఇప్పుడు కింది వాటాలో కంప్యూటరు పెట్టుకుని జనానికి వీసా దరఖాస్తులు నింపిపెడతాడు. వీధిలో సగం మంది ప్రయాణాలు ఆయన వేళ్ళ మీదుగానే జరిగాయి. ఆయన మాత్రం ఊరు దాటిన పాపాన పోలేదు.

"ఎవరిది వాళ్ళు నింపుకోండి అన్నాను చూడు, అదీ నా తప్పు," అన్నాడు కుర్చీలో కూలబడి. "పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి అనాల్సింది."

"ఇప్పుడేమంటారు వాళ్ళు?"

"ఏమంటారు! ఆఫీసరు బల్ల మీద మూడూ పరిచాడమ్మా. ఒకదాంట్లో కొడుకు లేడు. ఇంకోదాంట్లో కొడుకున్నాడు. నీదాంట్లో తమ్ముడున్నాడు, ఆ తమ్ముడి తల్లి మాత్రం వేరు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? ముక్కూ మొహం తెలీని ముగ్గురు కుటుంబం వేషం కట్టి వస్తున్నారనిపిస్తుంది."

"కొడుకే అని చెప్పిస్తే?"

"దత్తత కాగితం ఉందా?"

పంతులమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరి కన్నతల్లి పోయిన కాగితం?"

"ఉంది. వాడు పుట్టిన ఆసుపత్రి కాగితం కూడా ఉంది."

"అయితే ఇంకేం ఆలోచన? కాగితం ఏం చెబుతుందో నోరూ అదే చెప్పాలి. ఆవిడకి పిల్లలు లేరు. వీళ్ళు చెల్లెలి పిల్లలు, ఆవిడ పెంచింది, బడిలో పేరు అలా పడిపోయింది. అక్కడ వాడూ ఇదే మాట, ఇక్కడ ఆవిడా ఇదే మాట. ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందా, ముగ్గురికీ తలుపు మూసేస్తారు."

తలుపు మూస్తే మళ్ళీ తెరుచుకోదని పంతులమ్మకి తెలుసు. గుండు ఈ దేశానికి రాలేడు. అతను ఇక్కడ పనిచేసేటప్పుడు బిగించిన లిఫ్టు తెగిపడి ఒక మనిషి పోయాడు, ఆ కేసు అతని మీద ఉంది. తప్పెవరిదో ఇంకా తేలలేదు. తేలేదాకా ఇక్కడ విమానం దిగితే దిగినచోటే పట్టుకుపోతారు. అతనున్న దేశమేమో కూలిపనికి వచ్చినవాళ్ళ చుట్టాలని రానివ్వదు. అందుకే ఇద్దరికీ కాని మూడో దేశం, టూరిస్టు వీసా, కొండలూ సరస్సూ చూసొస్తామన్న సాకు. గుండు పాస్‌పోర్టు ఈ ఏడాదితో సరి. కేసు ఉండగా కొత్తది రాదు. ఇప్పుడు కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు.

ఆ లేకపోవడం కూడా ఎక్కువ దూరంలో లేదు. పెద్దమ్మ బుర్ర రోజుకింత ఖాళీ అవుతోంది. ఉప్పు డబ్బా తలగడ కింద దాస్తుంది. కుళాయి తిప్పి, నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో అని ఇల్లంతా వెతుకుతుంది. ఒక్కోసారి పంతులమ్మని "చెల్లీ" అని పిలుస్తుంది. ఎన్ని పోయినా సాయంత్రం అయ్యేసరికి ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇప్పుడూ వచ్చింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, బాబాయ్‌ని ఎగాదిగా చూసి, పంతులమ్మ వైపు తిరిగింది.

"గుండు తిన్నాడా?"

"తిన్నాడు పెద్దమ్మా."

"వాడు అబద్ధం చెబుతాడు. గట్టిగా అడుగు," అని లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయ్ నీళ్ళు నమిలాడు. "ఆవిడ మతిమరుపు సంగతి వాళ్ళకి తెలియనివ్వకమ్మా. చూడ్డానికి వెళ్ళే మనిషికి తనెందుకు వెళ్తోందో తెలిసుండాలి కదా. వారం టైముంది. ఎక్కాలు నేర్పినట్టు నేర్పు. నీకది కొత్త కాదుగా!"

జోకు అనుకుని తానే నవ్వాడు. పంతులమ్మ నవ్వలేదు.

* * *

"మీకు పిల్లలెంతమంది?" అని అడిగింది పంతులమ్మ, ఆఫీసరులా మొహం బిగించి.

పెద్దమ్మకి నవ్వొచ్చింది. "ఇద్దరు. తెలీనట్టు అడుగుతావేం? నువ్వూ, వాడూ."

"అలా చెప్పకూడదు. నాకు పిల్లలు లేరు అనాలి."

ఆవిడ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారాయి.

"లేరా?"

"లేరు."

"ఏమయ్యారు?"

పంతులమ్మకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు పెద్దమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పోయారా? ఇద్దరూనా? ఎప్పుడే? నాకెవరూ చెప్పలేదేం?"

"అయ్యో పెద్దమ్మా, కాదు! నేనున్నాను కదా. ఇదిగో, చూడు."

"గుండో?"

"గుండూ ఉన్నాడు."

"ఉంటే లేరంటావేమే! నీ నోట్లో మట్టి పడ!" అని ఏడుస్తూనే తిట్టింది. ఆవిడ తిట్టి ఎన్నాళ్ళయిందో. ఆ తిట్టు విని పంతులమ్మకి కాస్త హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు మళ్ళీ అడిగింది. ఆవిడ మళ్ళీ ఏడ్చింది. నిన్న ఏడ్చినట్టు ఆవిడకి గుర్తులేదు కదా, పిల్లల చావు కబురు రోజూ కొత్తగానే వింది. మూడో రోజు పంతులమ్మ ల్యాబుకి వెళ్ళి, ఎవరివో కింది దవడ పళ్ళు మైనంలో అమరుస్తూ వరసంతా పాడుచేసింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ కాలేదు. ఓనరు వచ్చి ఏమైందని అడిగితే నిద్ర లేదంది.

మానేద్దామనే అనుకుంది. మానేస్తే గుండుని కలవడం కుదరదు. తనకి మాత్రం ఎవరున్నారు? ఆవిడ పూర్తిగా మర్చిపోకముందు వాణ్ణి ఒక్కసారి ఆవిడ ముందు నిలబెట్టాలి. ఆవిడ వాడి జుట్టులో చెయ్యి పెట్టి "గుండూ" అనాలి. ఆ తరవాత ఏమైనా కానీ. ఇంతకన్నా పంతులమ్మకి కోరిక లేదు.

ఇంకోటీ ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పదు. తల్లి పోయిన కొత్తల్లో పెద్దమ్మ ఆమెకి జడ వేస్తూ, "నన్నూ అమ్మా అని పిలవకూడదూ?" అని అడిగింది. "మా అమ్మ వస్తుంది," అంది ఆ పిల్ల. పెద్దమ్మ మళ్ళీ అడగలేదు. అమ్మ రాదని తెలిశాక పిలవొచ్చు. అప్పటికి అలవాటు తప్పింది, తరవాత సిగ్గేసింది, ఆ తరవాత మొండితనం అయింది. గుండు వచ్చీరాని మాటలతో అమ్మా అంటూ ఆవిడ ఒళ్ళో దొర్లుతుంటే ఈమె గుమ్మంలో నిలబడి చూసేది. కుళ్ళు పడేది. దరఖాస్తులో పిల్లలు లేరు అని రాసినప్పుడు ఆ కుళ్ళు కూడా కాస్త చెయ్యి కలిపిందేమో. నిజం ఆమెకే తెలియాలి.

* * *

బఠాణీలు పనిచేశాయి.

బుట్టెడు పచ్చి బఠాణీలు ముందు పోస్తే పెద్దమ్మ వేళ్ళు వాటంతటవే కాయ చీలుస్తాయి, గింజ గిన్నెలో పడుతుంది, తొక్క పక్కకి పోతుంది. చేతులు పనిలో ఉంటే ఆవిడకి ఏడుపు రాదని పంతులమ్మ కనిపెట్టింది. పక్కన చతికిలబడి, తానూ ఒలుస్తూ, చిన్నప్పుడు తమ్ముడికి ఎక్కాలు చెప్పిన రాగంలోనే మొదలుపెట్టింది.

"పిల్లలా?"

"లేరు."

"వీళ్ళెవరు?"

"చెల్లెలి పిల్లలు."

"పెంచిందెవరు?"

"నేనే!"

కాయకొకసారి. గిన్నె నిండేసరికి రాగం అబ్బింది. మర్నాటికి ఆవిడే "అప్పజెప్పనా?" అని వెంటపడింది. సరిగ్గా చెబితే ఒక బిస్కెట్టు. బిస్కెట్టు అందుకునేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, బడిలో మొదటి బహుమతి వచ్చిన పిల్ల కూడా అంత మురిసిపోదు.

టైపు బాబాయ్ వచ్చి చూసి, "బానే ఉంది గానీ, తిప్పి అడుగుతారమ్మా," అన్నాడు. "తీపిగా అడుగుతారు. పాపం మీరే పెంచారు కదా, కొడుకే అనుకోవచ్చు కదా అని. అందరూ అక్కడే జారిపడతారు."

దాంతో పాఠం కాస్తా ఆటైంది.

"ఏవండీ, గుండు మీ కొడుకేనట కదా?"

"కాదండి. చెల్లెలి కొడుకు."

"పక్కింటావిడ మీ కొడుకేనని చెప్పిందండీ!"

"దానికేం తెలుసు, దాని మొహం!"

"నిజం చెప్పండి, మీ కడుపున పుట్టినవాడే కదా? మీ పోలికలే ఉన్నాయి."

పెద్దమ్మ వేలు ఆడించింది. "తిప్పి అడుగుతున్నావ్. నేను పడను."

పంతులమ్మకి నవ్వాగలేదు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ తొక్కల మధ్య కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినబడి చాలా కాలమైంది. ఆవిడ బుర్రలోకి ఇంకా ఒక కొత్త సంగతి ఎక్కుతోంది, డాక్టరు ఎక్కదన్నాడు, ఎక్కించాను అనుకుని పంతులమ్మ పొంగిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ "గుండు తిన్నాడా?" అని అడగలేదు. మర్నాడూ అడగలేదు. పంతులమ్మ గమనించలేదు. గమనించాల్సింది.

గుండు దగ్గరనుంచి ఫోన్ లేదు. చేస్తే ఎత్తడు. ఏం చెప్పాలో వివరంగా మెసేజ్ పెడితే చదివి ఊరుకున్నాడు. వాడి ఇంటర్వ్యూ అయిన రోజు మాత్రం రెండు ముక్కలు వచ్చాయి.

"చెప్పాను. ఆవిడ మా అమ్మ కాదని ఆఫీసరు మొహం చూసి చెప్పాను. ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా?"

పంతులమ్మ జవాబు రాసింది, చెరిపింది. మళ్ళీ రాసింది. చివరికి ఫోన్ బోర్లా పెట్టి బఠాణీల బుట్ట ముందుకి లాక్కుంది.

* * *

వీసా ఆఫీసులో కుర్చీలన్నీ నేలకి బిగించి ఉన్నాయి. గది చల్లగా ఉంది. పంతులమ్మని పక్కన కూర్చోనిచ్చారు గానీ నోరు విప్పకూడదన్నారు. ఆమె తన రెండు చేతుల్నీ మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుంది.

గాజు అవతల ఉన్న ఆఫీసరు నడివయసు ఆడమనిషి. కఠినంగా ఏమీ లేదు. అందుకే పంతులమ్మకి భయమేసింది. తీపిగా అడుగుతారని బాబాయ్ చెప్పనే చెప్పాడు.

"ఎందుకు వెళ్తున్నారండీ?"

"చూడ్డానికి. కొండలూ, సరస్సూ."

"ఎవరెవరు?"

"నేనూ, మా చెల్లెలి కూతురూ. అక్కడికి మా చెల్లెలి కొడుకొస్తాడు."

"మీకు పిల్లలెంతమంది?"

 పెద్దమ్మ వేళ్ళు ఒళ్ళో కదిలాయి. లేని కాయని చీల్చాయి.

"నాకు పిల్లలు లేరండి. వీళ్ళిద్దరూ చెల్లెలి పిల్లలు. పెంచింది నేనే."

ఆఫీసరు కాగితాలు తిప్పింది. "అబ్బాయి మిమ్మల్ని అమ్మ అని రాశాడు."

"బడిలో పేరు అలా పడిపోయింది."

"అంత చిన్నప్పటినుంచి పెంచారు కదా. కొడుకే అనుకోవచ్చుగా?"

పెద్దమ్మ నవ్వింది. గాజు మీదికి వంగి, వేలు ఆడించింది. "అనుకోకూడదండి."

ఆఫీసరు కూడా నవ్వేసింది. ఒక ఫోటో తీసి గాజుకి ఆనించింది. గుండు ఫోటో, ఈమధ్య తీయించుకున్నది. "ఇతనేనా?"

పెద్దమ్మ చాలాసేపు చూసింది. తరవాత ఫోటోని వదిలేసి ఆఫీసరు మొహంలోకి చూసింది. ఆ మొహంలో సరైన జవాబు ఏదో వెతుక్కుంటున్నట్టు చూసింది.

"చెల్లెలి కొడుకు," అంది చివరికి.

అంతే. వెళ్ళమన్నారు. వసారాలోకి రాగానే పంతులమ్మ గోడకి చేరబడింది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకు ఊపింది.

"బాగా చెప్పానా?"

"నూటికి నూరు."

"ఏదీ మరి?"

పంతులమ్మ సంచిలోంచి బిస్కెట్ల పొట్లం మొత్తం తీసి ఇచ్చేసింది.

* * *

పాస్‌పోర్టులు టైపు బాబాయే పట్టుకొచ్చాడు. ఆయాసాన్ని కూడా మర్చిపోయి, గుమ్మం దాటకముందే కేకేశాడు.

"పడ్డాయమ్మా! ఇద్దరికీ పడ్డాయి!"

పంతులమ్మ పేజీ తిప్పి చూసింది. పెద్దమ్మ ఫోటోతో రంగురంగుల కాగితం అతికించి ఉంది. దాన్ని వేలితో అదిమింది, ఊడిపోతుందేమోనన్నట్టు. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పొయ్యి మీద టీ పెట్టమ్మా, ఇంత పని చేయించుకుని నోరు తీపి చెయ్యవా అని దబాయించాడు.

ఆమె గిన్నె పెట్టేలోపే ఫోన్ మోగింది. గుండు. వీడియో. గొడవ తరవాత ఇదే మొదటిసారి.

"అక్కా, నాక్కూడా వచ్చేసింది!" నెత్తిన పసుపు హెల్మెట్, మొహం నిండా దుమ్ము. ఆ దుమ్ములోంచి పళ్ళు మెరుస్తున్నాయి. "ఆ రోజు అన్నవన్నీ మర్చిపో. కోపంలో వాగాను. ముందు అమ్మకివ్వు, అమ్మకివ్వు!"

పంతులమ్మ పరుగున పక్క గదిలోకి వెళ్ళింది. పెద్దమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఫోన్ ఆవిడ చేతిలో పెట్టింది.

"అమ్మా!"

"ఎవరండీ?" అంది పెద్దమ్మ.

గుండు నవ్వి హెల్మెట్ తీసేశాడు. జుట్టు చెదిరి నుదుటి మీద పడింది. "ఇప్పుడో? నేనమ్మా, గుండుని. తిన్నావా?"

పెద్దమ్మ ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుంది. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు పెట్టే మర్యాద మొహం పెట్టింది.

"మీరెవరో గానీ బాబూ, పొరపాటు పడ్డారు. నాకు పిల్లలు లేరండి."

గుండు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆవిడ వేళాకోళమాడుతోందనుకున్నాడు. మరుక్షణం వాడి నవ్వు ఎలా పోయిందో పంతులమ్మ చూసింది.  సాయంత్రాలు అడిగే ఆ ప్రశ్న ఎన్ని రోజులుగా వినబడలేదో అప్పుడు తట్టింది. లెక్క అందలేదు.

"పెద్దమ్మా, గుండు! మన గుండు!"

"ఆఁ, గుండు. చెల్లెలి కొడుకు."

"ఈ అబ్బాయే పెద్దమ్మా."

పెద్దమ్మ తెర మీదికి వంగి పరీక్షగా చూసింది. పెదవి విరిచింది.

"ఈ అబ్బాయి నన్ను అమ్మా అంటున్నాడే. చెల్లెలి కొడుకైతే పెద్దమ్మా అనాలి కదా."

వంటింట్లోంచి బాబాయ్ టీ పొంగిపోతోందని కేకేశాడు. ఎవరూ కదల్లేదు.

పంతులమ్మ మంచం పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది. ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్న మాట బయటికొచ్చింది. దాన్ని ఆపే సిగ్గు గానీ మొండితనం గానీ ఆమె దగ్గర మిగల్లేదు.

"అమ్మా! అమ్మా, నా మాట విను. వాడు నీ కొడుకే. నేను నీ కూతుర్ని. నీకు ఇద్దరు పిల్లలు. పాఠం తప్పమ్మా. నేనే తప్పు చెప్పాను."

పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఎంతో ముద్దుగా చూసింది. పెదవుల మీద మెల్లగా నవ్వు పాకింది. వేలు పైకెత్తి ఆడించింది.

"తిప్పి అడుగుతున్నావ్. నేను పడను."

అని బిస్కెట్టు కోసం చెయ్యి చాచింది.

ఫోన్ మంచం మీద వెల్లకిలా పడి ఉంది. గుండు పెట్టెయ్యలేదు. తెర మీద వాడి మొహం ఇంటి కప్పుని చూస్తోంది. దాంట్లోంచి వాడి గొంతు వినబడింది.

"ఇంకోసారి అడుగక్కా. ఈసారి తప్పు చెబుతుందేమో."